ఒక్క రోజు ఊరకుండటం పాపమా?



పని మానుకుని కూర్చున్న మనిషిని మన ఊళ్ళలో ఎవరూ మెచ్చుకోరు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు హెచ్చరించారు. పని చేయనొల్లనివాడు తిండికి కూడా అర్హుడు కాడని పునీత పౌలుగారు తెస్సలొనీక క్రైస్తవులకు కటువుగానే వ్రాశారు. ఈ రెండు మాటలూ మనలో ఎంత లోతుగా నాటుకున్నాయంటే, ఒక పూట ఖాళీ దొరికితే సంతోషించడానికి బదులు సంజాయిషీ చెప్పుకునే స్థితికి వచ్చాం.

ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్న ఒక సోదరి ఆ మధ్య నన్నొక ప్రశ్న అడిగింది. "పిల్లలను తీసుకుని ఒక రోజు ఎక్కడికైనా వెళ్ళి వద్దామంటే మనసు పీకుతుంది ఫాదర్ గారూ. ఇంట్లో అత్తగారు మంచంలో ఉన్నారు. మా వీధి చివర పూట గడవనివాళ్ళు ఉన్నారు. వాళ్ళకు లేని తీరిక నేను అనుభవించడం తప్పు కాదా? ఒక్క రోజు ఊరకుండటం పాపమా?" అన్నది.

కాదమ్మా అని ఒక్క మాటతో పంపించవచ్చు. కానీ ఆమె అడిగింది ఓదార్పు కోసం కాదు, కారణం కోసం. ప్రశ్నలో న్యాయం ఉంది. ఇతరులు బాధలో ఉండగా నేను ప్రశాంతంగా ఉండే హక్కు నాకు ఎక్కడిది? ఈ ప్రశ్నను ఒక చోట నిలబెట్టి పరిశీలిద్దాం. అందుకు మన తెలుగునేల మీదనే తగిన చోటు ఒకటి ఉంది. అది నాగార్జునకొండ.

మీలో చాలామంది చూసే ఉంటారు. నాగార్జునసాగర్ కుడిగట్టున, విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే సుమారు 11 కిలోమీటర్లు నీటిమీద ప్రయాణం. గట్టు మీది దుకాణాల సందడి మెల్లమెల్లగా వెనుకపడుతుంది. చుట్టూ కృష్ణమ్మ నీరు, దూరంగా నల్లమల కొండల వరుస. ముప్పావుగంటో గంటో గడిచాక ఒక చిన్న ద్వీపం వస్తుంది. అక్కడ ఊరు లేదు, బజారు లేదు, బస్సు హారను లేదు. చెట్ల నీడ, పాతకాలపు రాతి కట్టడాలు, ఒక మ్యూజియం, నాలుగు దిక్కులా నీళ్ళు. ఉన్న కాసేపు ఉండి తిరుగు లాంచీ అందుకోవలసిందే. రాత్రి బసకు అక్కడ ఏర్పాటు లేదు. ఒక రోజు విశ్రాంతికి ఇంతకంటే మంచి చోటు చెప్పడం కష్టం.

అయితే ఈ ద్వీపం మొదటినుంచీ ద్వీపం కాదు. అది ఒక కొండ శిఖరం. దాని పాదాల దగ్గర విశాలమైన లోయ ఉండేది. క్రీస్తు శకం మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు ఆ లోయలో విజయపురి రాజధానిగా ఏలారు. 1926లో ఎ. రంగస్వామి సరస్వతిగారు అక్కడి శిథిలాలను గుర్తించారు. తరువాత లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వకాలు సాగించాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖవారు కాలంతో పరుగుపందెం వేసినట్టు త్రవ్వారు. కొన్ని ముఖ్య కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండమీదికి చేర్చి తిరిగి నిలబెట్టారు. మరికొన్నిటిని ఒడ్డున అనుపు దగ్గర నిలబెట్టారు. 1966లో కొండమీద మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. అంటే మనం ప్రశాంతత కోసం వెళ్ళే ఆ ద్వీపం, మునిగిన లోయలో మునగకుండా మిగిలిన ముక్క.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. విశ్రాంతిని సమర్థించేవారు సాధారణంగా చెప్పే మొదటి కారణం ఇది: విశ్రాంతి తీసుకుంటే తరువాత ఎక్కువ పని చేయగలం. ఈ మాటకు ప్రాచీన ఆధారం కూడా ఉంది. పునీత యోహానుగారు శిష్యులతో సరదాగా ఉండగా చూసి ఎవరో తప్పుపట్టారట. ఆయన ఒక విలుకానిని పిలిచి, నీ వింటిని ఎప్పుడూ వంచే ఉంచగలవా అని అడిగాడట. అలా ఉంచితే విరిగిపోతుందని అతడు జవాబు చెప్పాడు. మనిషి మనసూ అంతే అన్నారట యోహానుగారు. ఈ కథను పునీత తోమాసు అక్వినాసుగారు తన వేదాంత సంగ్రహంలో చెప్పి, శరీరానికి నిద్ర ఎలాగో మనసుకు వినోదం అలాగే అవసరమని నిర్ధారించారు.

ఈ కారణం నిజమే. కానీ చాలదు. విశ్రాంతి పని కోసమే అయితే, మనిషి విశ్రాంతికి, ఎద్దును కాడి విప్పి నీడన కట్టడానికి తేడా లేదు. ఇక పని చేయలేని ముసలివాడికి విశ్రాంతి పొందే అర్హతే ఉండదు. ఎందుకంటే అతడు తిరిగి కాడి మోయడు. ఆ సోదరి ఇంట్లో మంచాన ఉన్న అత్తగారు ఏ పని కోసం విశ్రాంతి తీసుకుంటున్నట్టు? ఈ తర్కాన్ని చివరిదాకా లాగితే మనిషి విలువ అతడు చేసే పనికి సమానమవుతుంది. అది శ్రీసభ ఎన్నడూ అంగీకరించని మాట.

క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలోనే అరిస్టాటిల్ ఇక్కడ ఒక భేదం చూపించాడు. అలసట తీర్చుకోవడం ఒకటి, తీరిక మరొకటి అన్నాడు. అలసట తీర్చుకోవడం పనికోసం. తీరిక మాత్రం దేనికోసమో కాదు, మిగిలినవన్నీ దానికోసమే. తీరికకు గ్రీకువారు వాడిన మాట 'స్కోలే'. మన పిల్లలు రోజూ పరుగు పరుగున వెళ్ళే 'స్కూలు' ఆ మాటనుంచే పుట్టింది. సత్యాన్ని ప్రశాంతంగా చూడటానికి కావలసిన తీరికే విద్యకు మొదటి షరతు అని వారి భావం.

ఈ యుగంలో ఆ ఆలోచనను మళ్ళీ ముందుకు తెచ్చినవాడు యోసెఫ్ పీపర్ అనే జర్మన్ కతోలిక తత్త్వవేత్త. 1948లో, యుద్ధంలో కూలిపోయిన జర్మనీ ఇటుక ఇటుకగా తిరిగి లేస్తున్న రోజుల్లో, ఆయన తీరికను గురించి పుస్తకం వ్రాశాడు. ఇల్లు కట్టుకునే వేళ తీరిక గురించి మాట్లాడటమా అని అడుగుతారని ఆయనకు తెలుసు. ఆ ప్రశ్ననే ముందు పెట్టుకుని జవాబు చెప్పాడు. తీరిక ఆరాధన నుంచి పుడుతుందని, దేవుని ముందు పండుగ చేసుకోలేని సమాజానికి సెలవులు ఉంటాయిగానీ తీరిక ఉండదని ఆయన వాదన సారాంశం.

ఇక్కడ సోమరితనం మాట తప్పక వస్తుంది. ఏడు మూలపాపాలలో అది ఒకటని జ్ఞానోపదేశంలో నేర్చుకున్నాం. అక్వినాసుగారి దృష్టిలో ఈ పాపం పని మానడం మాత్రమే కాదు. దేవుని మేలును చూసి సంతోషించలేక మనసు దిగాలు పడిపోవడం. అది విశ్రాంతి దినాన్ని పవిత్రపరచాలన్న ఆజ్ఞకు విరుద్ధమని, ఆ ఆజ్ఞ మనసు దేవునిలో నిలకడ పొందాలని కోరుతుందని ఆయన చెప్పారు. ఆ పాపానికి పుట్టే సంతానంలో మనసు అక్కడా ఇక్కడా తిరగడం కూడా ఒకటని లెక్కించారు. అంటే ఉదయం నుంచి రాత్రి దాకా క్షణం తీరిక లేకుండా పరిగెత్తేవాడు కూడా ఈ అర్థంలో సోమరి కావచ్చు. లాంచీ దిగీ దిగకముందే సెల్‌ఫోను పైకెత్తి, మూడవ శతాబ్దపు శిల్పానికి వీపు చూపించి తన బొమ్మ తాను తీసుకుని, దాన్ని ఎంతమంది మెచ్చుకున్నారో లెక్క చూసుకుంటూ తిరుగు లాంచీ ఎక్కినవాడు ద్వీపానికి వెళ్ళాడా? కాళ్ళు వెళ్ళాయి, మనసు గట్టునే ఉండిపోయింది.

కాబట్టి ఊరకుండటం పాపం కాదు. ఊరకుండలేకపోవడమే ఒక్కోసారి ఆత్మకు జబ్బు. ఇంతవరకు మన సోదరికి సగం జవాబు దొరికింది. మిగిలిన సగం కష్టమైనది: వాళ్ళకు లేనిది నాకెందుకు?

పది ఆజ్ఞలు పాత నిబంధనలో రెండు చోట్ల ఉన్నాయి. నిర్గమకాండంలో విశ్రాంతి దినానికి చెప్పిన కారణం సృష్టి: దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడవ రోజు విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండంలో చెప్పిన కారణం వేరు: మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, ప్రభువు మిమ్ము విడిపించాడు. అందుకే అక్కడ దాసుడు, దాసి కూడా యజమానిలాగే విశ్రమించాలని మోషే ప్రత్యేకంగా చెబుతాడు. ఎద్దును, గాడిదను, ఇంట ఉన్న పరదేశిని కూడా లెక్కలో చేరుస్తాడు. గమనించారా? ఆ ఆజ్ఞ 'నీవు విశ్రమించు' అనే దగ్గర ఆగలేదు. నీ విశ్రాంతి కారణంగా మరొకరి విశ్రాంతి పోకూడదన్నది. 1998లో రెండవ జాన్ పాల్ జగద్గురువులు ప్రభువు దినం గురించి వ్రాసిన లేఖలోనూ ఆదివార విశ్రాంతిని పేదలపట్ల సంఘీభావంతో ముడిపెట్టారు.

ఈ ఆజ్ఞ వెలుగులో మన విహారయాత్రను ఒకసారి చూడండి. ఉదయం ఏడింటికి బస్సు. అందుకని ఇంటి ఇల్లాలు తెల్లవారుజామున మూడింటికి లేచింది. పులిహోర కలిపింది, పెరుగన్నం కట్టింది, పిల్లలకు తలలు దువ్వింది. ద్వీపంలో మగవారు చెట్టుకింద నడుం వాల్చారు. ఆమె విస్తళ్ళు వేసి, వడ్డించి, మిగిలింది సర్ది, గిన్నెలు కడిగింది. పిల్లవాడు నీళ్ళ అంచుకు వెళుతుంటే వెనకాల పరిగెత్తింది. రాత్రి ఇంటికి చేరాక అందరూ పడుకుంటే ఆమె ఎంగిలి గిన్నెలు, మాసిన బట్టలు ముందేసుకుని కూర్చుంది. ఆ రోజు విశ్రాంతి తీసుకున్నది ఎవరు? మనం ఆ రోజును కుటుంబమంతా కలిసి గడిపిన సెలవు అంటాం. ద్వితీయోపదేశకాండం మరొక పేరు పెట్టవచ్చు.

ఇంకొంచెం లోతుకు వెళ్దాం. విజయపురి లోయలో బౌద్ధ విహారాలు, చైత్యాలు ముప్పైకి పైగా బయటపడ్డాయి. భిక్షువులు ధ్యానం చేసుకున్న చిన్న చిన్న గదుల పునాదులు వరుసగా కనిపించాయి. ఆ నిశ్శబ్దానికి తిండి ఎవరు పెట్టారు? శాసనాలు చెబుతున్నాయి. వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి మహాచైత్యాన్ని నిలబెట్టించింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. రాజు చాంతమూలుడు అశ్వమేధం చేస్తే, అతని ఇంటి స్త్రీలు భిక్షువులకు నీడ ఇచ్చారు. ఇతర మతాలలోని సత్యమైన, పవిత్రమైన విషయాలను శ్రీసభ త్రోసిపుచ్చదని రెండవ వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. కనుక ఆ ప్రార్థనా జీవితాన్ని మనం గౌరవంగానే తలుచుకుందాం. మన మఠాల చరిత్ర కూడా ఇదే. ఎక్కడ ఒకరు మౌనంగా కూర్చున్నా, వారి వెనుక ఒకరు గింజ పండించారు, ఒకరు రాయి మోశారు, ఒకరు అన్నం వండారు.

ఆ లోయ కూడా అంతే. సాగర్ నీటికోసం పదుల గ్రామాలవాళ్ళు, వేలమంది, ఇల్లూ పొలమూ వదిలి లేచారు. రాతికట్టుబడితో లేచిన ఆ గోడకోసం కూలీలు ఏళ్ళ తరబడి తలమీద రాయి మోశారు. కొన్నేళ్ళ క్రితం మా విచారణవారితో అక్కడికి వెళ్ళినప్పుడు ఒక వృద్ధురాలు లాంచీ కమ్మీ పట్టుకుని ఒక వైపే చూస్తూ నిలబడింది. ఏమ్మా అంటే, "మేం పుట్టిన ఊరు ఆ అడుగున ఉందయ్యా. మా అమ్మ గొడ్లు తోలుకొచ్చిన దారి కూడా ఆడనే" అన్నది. కోపంగా ఉందా అని అడిగాను. "కోపమెందుకయ్యా? మా చెల్లెల్ని ఇచ్చిన ఊరికి కాలవొచ్చింది, వరి పండింది. మంచిదే. కాకపోతే ఎవరో ఒకరు గుర్తు పెట్టుకోవాల గదా" అన్నది.

తత్త్వశాస్త్రం పుస్తకాలలో ఇంత స్పష్టంగా చెప్పిన మాట నేను చదవలేదు. మన సోదరి ప్రశ్నకు మిగిలిన సగం జవాబు ఇందులో ఉంది. ఇతరుల కష్టం మీద నిలిచిన ప్రశాంతతను అనుభవించేటప్పుడు మనసులో రెండు భావాలు కలగవచ్చు. ఒకటి అపరాధ భావం, రెండవది ఋణ భావం. పైకి రెండూ ఒకేలా నొప్పి పెడతాయి, కానీ అవి వేరు. అపరాధ భావం, 'ఇది నాకు తగదు' అని వచ్చిన మేలును కిందపడేస్తుంది. దానివల్ల వీధి చివరి పేదవానికి ఒక్క మెతుకు కూడా చేరదు. నేను నిద్ర మానుకున్నంత మాత్రాన నిద్రలేనివాడికి నిద్ర పట్టదు. ఋణ భావం అలా కాదు. అది మేలును చేతులు చాచి అందుకుంటుంది, ఇచ్చినవాళ్ళను గుర్తు పెట్టుకుంటుంది, తీర్చుకునే దారి వెదుకుతుంది. ఆ వృద్ధురాలు నీళ్ళు వద్దనలేదు. గుర్తుంచుకోమన్నది.

ఇక సువిశేషం చూద్దాం. పునీత మార్కు ఆరవ అధ్యాయంలో ఒక రోజు ప్రయాణం ఉంది. శిష్యులు ప్రభువు పంపిన పని ముగించుకుని వచ్చారు. వచ్చేపోయే జనంతో వారికి అన్నం తినడానికి కూడా తీరిక లేదు. ప్రభువే వారిని ఏకాంత స్థలానికి వచ్చి కొంచెం విశ్రమించమని పిలిచాడు. పడవ ఎక్కి గలిలయ సరస్సు మీద బయలుదేరారు. ఈ సంగతి తెలిసి జనం కాలినడకన వారికంటే ముందే అక్కడికి చేరుకున్నారు. ప్రభువు వారిని చూసి, కాపరి లేని గొర్రెలవలె ఉన్నారని జాలిపడి బోధించాడు. సాయంత్రం అయిదువేలమందికి ఆహారం పెట్టాడు. శిష్యులకు దక్కిన విశ్రాంతి పడవలో గడిచిన కాసేపే!

ఇక్కడ రెండు సంగతులు చూడాలి. మొదటిది, ఆ రోజు కూడా రోగులు ఉన్నారు, ఆకలిగొన్నవారు ఉన్నారు. అయినా ప్రభువు తనవారిని పడవ ఎక్కించాడు. లోకంలోని ఆకలి అంతా తీరాకే మీకు విశ్రాంతి అనలేదు. రెండవది, ఒడ్డున జనాన్ని చూశాక ఆయన పడవను వెనక్కు తిప్పలేదు. ఇది మా విశ్రాంతి సమయమని తలుపు వేయలేదు. అంతా ముగిశాక శిష్యులను పంపివేసి, ప్రార్థనకు ఒంటరిగా కొండ ఎక్కాడు. విశ్రాంతిని వరంగా స్వీకరించాడు, ఆస్తిగా కాపాడుకోలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటి చెబుతాను. 1765లో రూసో అనే తత్త్వవేత్త స్విట్జర్లాండులో బియెన్ సరస్సు మీది పునీత పేతురు ద్వీపంలో కొద్ది వారాలు గడిపాడు. జనం తన ఇంటిమీద రాళ్ళు వేస్తే పారిపోయి అక్కడికి చేరాడు. అక్కడ దొరికిన శాంతి ఆయనకు ఎంత నచ్చిందంటే, ఆ ద్వీపాన్నే తనకు జీవితాంతం చెరసాలగా చేస్తే బాగుండునని కోరుకున్నాడు. అధికారులు మాత్రం వెళ్ళిపొమ్మని ఉత్తర్వు ఇచ్చారు. తరిమివేయబడిన మనిషి కోరికను మనం తప్పుపట్టనక్కరలేదు. కానీ దివ్యరూప ధారణ కొండమీద ఇక్కడే గుడారాలు వేద్దామన్న పేతురుగారి కోరిక కూడా అలాంటిదే. ప్రభువు వారిని కిందికి దించాడు. కింద ఒక తండ్రి జబ్బుపడిన కొడుకుతో ఎదురు చూస్తున్నాడు. సాయంత్రం లాంచీకి తిరిగి రావలసిన ద్వీపం అందుకే మన ఆత్మకు మంచిది.

ఇప్పుడు ఆ సోదరికీ, ఆమెవంటి మీ అందరికీ నేను చెప్పేది ఇది. వెళ్ళండి. సందేహం లేకుండా వెళ్ళండి. ఆదివారమైతే పూజాబలి ముగించుకుని వెళ్ళండి. ఫోను సంచిలో పెట్టి ఒక గంట నీళ్ళ దగ్గర కూర్చోండి. ఆ నిశ్శబ్దం ఎవరెవరి వల్ల మీకు అందిందో ఒక్కొక్కరినీ తలుచుకుని ప్రార్థించండి. లాంచీ నడిపే అతనికి, టీ అమ్మే అతనికి కూడా ఒక ఇల్లు, ఒక సెలవు రోజు ఉండాలని గుర్తుంచుకుని మర్యాదగా మాట్లాడండి. వెళ్ళేముందు అత్తగారి దగ్గర ఎవరైనా ఉండేలా చూడండి. తిరిగి వచ్చాక ఆమె పక్కన కూర్చుని ఏం చూశారో చెప్పండి. నడవలేనివారికి ఆ ముచ్చటే పడవ ప్రయాణం. మరో ఆదివారం, వీధి చివరి ఆ తల్లి పిల్లలను మీరు చూసుకుని ఆమెకు ఒక పూట తీరిక ఇవ్వండి. ఋణం తీర్చుకునే దారి అదే.

విచారణ యాత్రలు ఏర్పాటు చేసే యువజన సంఘాలకు, మరియదళ సభ్యులకు కూడా ఒక మనవి. ఈసారి యాత్రకు పులిహోర మగవాళ్ళు కలపండి. ఉప్పు ఎక్కువైనా ఫరవాలేదు. గిన్నెలు కూడా మీరే కడగండి. ఆ ఒక్క రోజు మన తల్లులు చెట్టుకింద కూర్చుని నీళ్ళ వంక చూడనివ్వండి.